ఈ లైను మీద ప్రశ్న అడిగితే నీకు సంతోషమేనా?

మా టీమ్‌లోకి ఫ్రెషర్లనీ ఇంటర్న్‌లనీ తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూ చేసేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. హెచ్‌ఆర్ మనిషిని కాదు, కోడ్ రాసుకునేదాన్ని. రెజ్యూమె నా దాకా వచ్చేసరికి మొదటి వడపోత అయిపోయి ఉంటుంది. వీడియో కాల్‌లో అవతల ఒక అబ్బాయో అమ్మాయో టెన్షన్‌గా కూర్చుని ఉంటారు. నా ముందు వాళ్ళ పేజీ తెరిచి ఉంటుంది. దాన్ని చూసి నేను మొదటి ప్రశ్న అడగాలి.

అందరూ రెజ్యూమెని ఇంటర్వ్యూ దాకా చేర్చే టికెట్‌లా చూస్తారు. నేను కూర్చునే వైపు నుంచి అది ప్రశ్నపత్రం. అదీ, పరీక్ష రాసేవాళ్ళే తయారుచేసి ఇచ్చిన ప్రశ్నపత్రం. చదువుకున్నన్నాళ్ళూ ఎవరూ ఇవ్వని అవకాశం ఇది. తీరా దొరికాక చాలామంది దాన్ని ‘హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్, క్విక్ లెర్నర్’ అని నింపేస్తారు. దాని మీద నేనేం అడగాలి? ‘ఎంత హార్డ్‌గా వర్క్ చేస్తావు బాబూ’ అనా?

మొదటి వడపోత సంగతి నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. లాడర్స్ అనే ఉద్యోగాల వెబ్‌సైట్ వాళ్ళు రిక్రూటర్ల చూపు ఎక్కడెక్కడ ఆగుతోందో కెమెరాలతో గమనించారు. ఒక రెజ్యూమె మీద తొలి చూపు సగటున 6 సెకన్లని 2012లో చెప్పారు. 2018లో మళ్ళీ చూస్తే అది 7.4 సెకన్లు అయింది. అంత తక్కువ సమయంలో ఎవరూ వాక్యాలు చదవరు. ఏం చదివారు, ఎక్కడ పనిచేశారు, ప్రాజెక్టుల పేర్లేమిటి అని పైపైన చూసుకుంటూ పోతారు. అందుకే ముఖ్యమైనవన్నీ పేజీలో పైన ఉండాలి. ‘ఛాలెంజింగ్ వాతావరణంలో నా నైపుణ్యాలని పెంపొందించుకుంటూ సంస్థ ఎదుగుదలకి తోడ్పడాలని’ అనే నాలుగు లైన్ల ఆబ్జెక్టివ్ అక్కడ కూర్చుంటే ఆ ఏడు సెకన్లూ దానికే పోతాయి. తీసేయండి. దాని స్థానంలో ఏదో ఒకటి పెట్టాలని కూడా లేదు.

ఇక అసలు విషయం ప్రాజెక్టులు. కొత్తగా చదువు పూర్తయినవాళ్ళ దగ్గర అడగడానికి ఎక్కువ సరుకు ఉండేది అక్కడే, వాళ్ళు అన్నిటికన్నా అన్యాయం చేసేదీ వాటికే. ఈమధ్య మా చిన్నాన్న కూతురు తన రెజ్యూమె చూడమని పంపింది. అందులో ఒక ప్రాజెక్టు గురించి ఉన్నది ఇంతే: ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. టెక్నాలజీలు: జావా, మైఎస్‌క్యూఎల్. నలుగురి టీమ్.’

“ఇందులో నువ్వేం చేశావే?” అన్నాను.

“అందరం కలిసే చేశాం అక్కా.”

“సరే, ఏది పాడైతే మిగతా ముగ్గురూ నీకు ఫోన్ చేసేవాళ్ళు?”

కాసేపు ఆలోచించి, “సెర్చ్” అంది. ఇక అక్కడి నుంచి ఆపకుండా చెప్పింది. పుస్తకం పేరులో ఏదో ఒక ముక్క కొట్టినా దొరకాలని, డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో, అంటే క్వెరీలో, లైక్ అనే కమాండ్ వాడి, వెతికే మాటకి అటూ ఇటూ ‘ఇక్కడ ఏ అక్షరాలున్నా సరే’ అని చెప్పే పర్సెంట్ గుర్తులు పెట్టిందట. కొద్దిపాటి పుస్తకాలతో బాగానే ఉంది. ఊరికే చూద్దామని పది లక్షల నకిలీ రికార్డులు నింపితే, ఒక్కో సెర్చ్‌కీ సెకనుకి పైగా పట్టింది. పుస్తకాల పేర్లుండే కాలమ్ మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ పెట్టుకునే సూచిక) పెట్టినా మార్పు లేదు. వెతికే మాటకి ముందు కూడా పర్సెంట్ గుర్తు ఉంటే మామూలు ఇండెక్స్ పనికిరాదని, ఎందుకంటే అది పేరు మొదటి అక్షరాల నుంచి వరసలో పేర్చి ఉంటుందని అప్పుడు తెలుసుకుంది. చివరికి ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ పెట్టి పేరులోని మాటలతో వెతికేలా మార్చింది. దాంతో మాట మధ్యలోంచి ముక్క కొడితే దొరకడం పోయింది, మాట మొత్తం కొడితే మాత్రం వెంటనే వచ్చేస్తోంది. ఆ బేరం ఫరవాలేదని నలుగురూ అనుకున్నారట.

ఇంత కథ పెట్టుకుని ‘జావా, మైఎస్‌క్యూఎల్’ అని రాసింది! ఎంత సేపటి నుంచి ఎంతకి తగ్గిందని అడిగితే, కొలవలేదంది. ప్రాజెక్టు లాప్‌టాప్‌లోనే ఉంది కాబట్టి మళ్ళీ నడిపి కొలవమన్నాను. ఇప్పుడు ఆ లైను ఇలా ఉంది: ‘పుస్తకాల సెర్చ్ భాగం నేను రాశాను. పది లక్షల రికార్డుల టెస్ట్ డేటా మీద సెకను దాటిన క్వెరీని, ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్‌తో 50 మిల్లీసెకన్ల లోపుకి తెచ్చాను.’ ఇది చూసిన ఎవరైనా ‘మామూలు ఇండెక్స్ ఎందుకు సరిపోలేదు?’ అని అడిగి తీరతారు. దానికి తన దగ్గర పది నిమిషాలకి సరిపడా జవాబు ఉంది. నేను కోరేది అదే. రెజ్యూమెలోని ప్రతి లైనుకీ ‘దీని మీద ప్రశ్న అడిగితే నాకు సంతోషమేనా’ అని వేసుకోవాలి. అడగకపోతే బాగుండు అనిపించే లైను ఉండకూడదు. ఎవరూ ఏమీ అడగలేని లైనూ దండగే.

గూగుల్‌లో హెచ్‌ఆర్ విభాగాన్ని నడిపిన లాస్లో బాక్ దీనికి ఒక సూత్రం చెప్పారు. ఏం సాధించావు, ఏ కొలతతో తెలిసింది, ఏం చేసి సాధించావు అనే మూడూ ఒకే వాక్యంలో ఉండాలి అని. మంచి సూత్రమే. కానీ ఇది జనంలోకి వెళ్ళాక అందరికీ అంకెల పిచ్చి పట్టింది. ‘ఎఫిషియెన్సీని 40 శాతం పెంచాను’ అని రాస్తారు. 40 ఎలా వచ్చింది, దేన్ని దేనితో పోల్చావు అని అడిగితే మాట ఉండదు. కొలవని దానికి అంకె పెట్టకండి. ‘ముందు చేత్తో చేసే పని, ఇప్పుడు దానంతటదే అవుతోంది’ అన్నా నాకు చాలు. అది నిజమైతే.

కోడింగ్ వాళ్ళకే కాదు ఇది. కాలేజీ ఫెస్ట్‌కి వసూళ్ళు, ఖర్చులు చూసి చివరి రోజున లెక్క అప్పజెప్పిన కామర్స్ విద్యార్థి ఆ సంగతి ‘హాబీలు, ఇతరాలు’ కింద ఎక్కడో దాచేస్తాడు. పైన మాత్రం ‘ఎం.ఎస్. ఎక్సెల్ తెలుసు’ అని ఉంటుంది. ఎంత డబ్బు చేతులు మారింది, ఎన్ని క్లబ్బుల బిల్లులు వచ్చాయి, తేడా వస్తే ఎలా పట్టుకున్నావు? అకౌంట్స్ ఉద్యోగానికి ఇంతకన్నా మంచి ప్రశ్నలు ఏముంటాయి? సాయంత్రాలు పిల్లలకి ట్యూషన్ చెప్పడం కూడా అనుభవమే. జీతం వచ్చిన పనే అనుభవమని ఎవరన్నారో గానీ, ఆ మాట నమ్మి బోలెడుమంది తమ దగ్గరున్న మంచి సరుకుని పారేసుకుంటున్నారు.

స్కిల్స్ పక్కన చుక్కలు, నక్షత్రాలు వద్దు. జావాకి ఐదింటికి నాలుగు అంటే, ఆ ఐదు ఎవరు? ఆ భాషని తయారుచేసినవాళ్ళా, క్లాసులో ఫస్ట్ వచ్చిన అమ్మాయా? ఒక ట్యుటోరియల్ చూసిన ప్రతిదాన్నీ జాబితాలో ఎక్కించడం ఇంకో జబ్బు. నేను కావాలనే ఆ జాబితాలో చివర ఉన్నదాని మీద అడుగుతాను. ముఖం చూస్తే తెలిసిపోతుంది.

ఈ మధ్య ఎక్కువైన సంగతి ఇంకోటి. చాట్‌జీపీటీతో రాయించిన రెజ్యూమెలు. ఇంగ్లీషు నిగనిగలాడుతూ ఉంటుంది, ప్రతివాళ్ళూ ఏదో ఒకదాన్ని ‘స్పియర్‌హెడ్’ చేసి, అంటే ముందుండి నడిపించి, ఉంటారు, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. తప్పని అనను. అది వాళ్ళ ప్రశ్నపత్రాన్ని వాళ్ళకి తెలియని సిలబస్‌లోంచి తయారుచేసి పెడుతోంది, నా భయం అదే. దాన్ని వాడాలనుకుంటే తిప్పి వాడండి. ‘నా ప్రాజెక్టు ఇదీ, నువ్వు ఇంటర్వ్యూ చేసేవాడివైతే ఏం అడుగుతావు’ అని దాని చేత ప్రశ్నలు వేయించుకోండి. మీరు చెప్పిన జవాబుల్లోంచి లైన్లు మీరే రాయండి. అక్షర దోషాలు చూడమని ఇస్తే ఇవ్వండి.

ఏటీఎస్, అంటే వచ్చిన దరఖాస్తులని కంపెనీలు దాచుకుని చూసుకునే సాఫ్ట్‌వేర్, అనగానే అందరికీ భయం, మిషన్ రిజెక్ట్ చేసేస్తుందని. ఆ సాఫ్ట్‌వేర్ ముఖ్యంగా చేసేది మీ ఫైల్‌లోంచి అక్షరాలు లాగి పేరు, చదువు, అనుభవం అని గడుల్లో పెట్టడం, రిక్రూటర్ ఏదైనా మాటతో వెతికితే చూపించడం. దరఖాస్తులో అడిగే అవును, కాదు ప్రశ్నల దగ్గర నేరుగా పక్కన పెట్టేసే ఏర్పాటు కూడా ఉంటుంది. వాటిని తొందరలో నొక్కేయకండి. ఫైల్ సంగతి మీరే ఇంట్లో పరీక్షించుకోవచ్చు. పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ కొట్టి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. రెండు కాలమ్‌ల టెంప్లేట్ అయితే ఎడమ లైనూ కుడి లైనూ ఒకదాంట్లో ఒకటి దూరిపోయి ఉండొచ్చు. లేటెక్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో చేసిన కొన్నిటిలో ఎఫ్, ఐ అక్షరాలు పక్కపక్కన వచ్చే చోట రెండూ కలిసిన ఒకే గుర్తు ఉంటుంది, పేస్ట్ చేస్తే అది మాయమవుతుంది. ‘సర్టిఫికేషన్’ అనే మాట మధ్యలో చిల్లు పడుతుంది. బొమ్మలా స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే ఏమీ పేస్ట్ కాదు. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో కీవర్డ్‌లు దాచే చిట్కా ఎవరో చెప్పే ఉంటారు. అక్షరాలు లాగినప్పుడు రంగు పోతుంది, దాచినవన్నీ బయటికొచ్చి నిలబడతాయి. సిగ్గుపోతుంది.

ఉద్యోగ ప్రకటనలో వాళ్ళు వాడిన మాటని, మీకు నిజంగా తెలిసినదైతే, అదే మాటగా వాడండి. చేసిన పనులన్నీ రాసుకున్న పెద్ద ఫైల్ ఒకటి మీ దగ్గర ఉంచుకుని, ప్రతి ఉద్యోగానికీ అందులోంచి ఒక పేజీ ఏరుకుంటే సరిపోతుంది. ఒక పేజీ చాలదని ఎవరైనా అంటే నేను నమ్మను, ఇప్పుడే చదువు పూర్తయినవాళ్ళ విషయంలో. మార్కులు బాగుంటే రాయండి. అంతంతమాత్రంగా ఉండి, వాళ్ళు అడగకపోతే వదిలేయండి. అడిగితే ఉన్నదే రాయండి. ఫోటో సంగతి దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికా, బ్రిటన్‌లలో పెట్టరు, జర్మనీలో పెట్టడం చాలాకాలంగా మామూలే.

కోడ్ దాచి పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో మీ లింకు ఇస్తే లాగౌట్ చేసి ఒకసారి నొక్కి చూసుకోండి. నేను నొక్కుతాను. రిపాజిటరీ (ప్రాజెక్టు ఫోల్డర్) ప్రైవేట్‌లో ఉంటే నాకు కనబడేది 404, అంటే పేజీ లేదనే మాట. తెరుచుకున్నా, మొత్తం ప్రాజెక్టు ఒకే కమిట్‌లో, అంటే ఒకేసారి మార్పుగా, ఎక్కించి ఉంటే, ఎవరు ఏం రాశారో చెప్పే సాక్ష్యం అక్కడ ఉండదు. ప్రాజెక్టు ఏమిటో చెప్పే రీడ్‌మీ ఫైల్‌లో నాలుగు లైన్లు ఉంటే మటుకు కచ్చితంగా చదువుతాను. రెజ్యూమె ఫైల్ పేరు మీ పేరే ఉండాలి. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఈసారి నిజంగా ఫైనల్’ మీ లాప్‌టాప్‌లోనే ఉండనివ్వండి.