అసలు కంటే వడ్డీ ముద్దు

మొన్న జనవరిలో ఇంటికి వెళ్ళాను. విశాఖలో దిగి, సాలూరు దాటి, సుంకి ఘాట్ మలుపులన్నీ తిరిగి జయపూర్ చేరేసరికి సాయంత్రం ఆరు దాటింది. కాళ్ళు కడుక్కుంటూంటే నాన్న వచ్చి, "వరండాలో నీకోసం కూర్చున్నారమ్మా, ఓసారి పలకరించు" అన్నారు. వెళ్ళి చూస్తే పదకొండు మంది పెద్దవాళ్ళు. మధ్యలో స్టూలు మీద ఎర్ర అట్ట ఖాతా పుస్తకం. నాన్న రైస్ మిల్లులో గుమస్తాగా ఉన్నప్పుడు వాడిన లాంటిదే, కానీ కొత్తది.

ఒడిశా కోరాపుట్ జిల్లాలో మా ఊరి తెలుగు ఇళ్ళలో పిల్లలు మూడు భాషలతో పెరుగుతారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కొండల మీంచి సంతకొచ్చేవాళ్ళతో దేశియా. మాట్లాడడానికి లోటు లేదు. చదవడం, రాయడం దగ్గరే తెలుగు జారిపోతోంది. మేం చదువుకున్న బడిలో తెలుగు మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఇంకెవరూ రాలేదు. వరండాలో కూర్చున్న వీళ్ళంతా ఆయన దగ్గర గుణింతాలు దిద్దినవాళ్ళే. చందాలు వేసుకుని 18 లక్షలు పోగుచేశారు.

"అమెరికాలో నువ్వు చేసే ఉద్యోగం ఇదేనంట కదా," అన్నారు బట్టల కొట్టు మావయ్య. "ఏటమ్మా, ఒక మాస్టారి పోస్టు కలకాలం నిలవాలంటే ఎంత పెట్టాలి?"

నా ఉద్యోగం ఇదే. అక్కడ ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో విరాళాల లెక్కలు చూస్తాను. ఎవరైనా పెద్ద మొత్తం ఇచ్చి ప్రొఫెసర్ పదవి పెట్టిస్తే దాన్ని ఎండౌడ్ చెయిర్ అంటారు. మనం పీఠం అంటాం. ఇచ్చిన డబ్బును ఖర్చు చేయరు. పెట్టుబడిలో ఉంచి, ఏటా అందులోంచి 4 నుంచి 5 శాతం మాత్రం తీస్తారు. అది కూడా ఆ రోజు విలువ మీద కాదు, సాధారణంగా గత మూడేళ్ళ సగటు మీద. మార్కెట్ ఒక ఏడాది ఎగిరినా పడినా ప్రొఫెసర్‌కు అందేది మరీ ఊగిపోకుండా ఉండాలని ఆ ఏర్పాటు. ఆ 4 శాతంతో జీతమంతా వచ్చేస్తుందనుకుంటారు చాలామంది. మా దగ్గర ప్రొఫెసర్ పదవికి కనీసం 15 లక్షల డాలర్లు కావాలి. దాని మీద ఏడాదికి 60,000 డాలర్లు వస్తాయి. జీతంలో కొంత, ఒక రీసెర్చ్ విద్యార్థి ఖర్చు, నాలుగు ప్రయాణాలు. మిగతా జీతం డిపార్ట్‌మెంటే ఇస్తుంది.

నేను ఈ పనిలోకి వచ్చిన కాలం అలాంటిది, మొదటి ఏడాదే ఈ లెక్కలన్నీ ఒంటికి పట్టాయి. 2006లో పెళ్ళయి హెచ్-4 అనే డిపెండెంట్ వీసా మీద వెళ్ళాను. అప్పట్లో దాంతో ఉద్యోగానికి వీల్లేదు. స్టూడెంట్ వీసాకు మారి అకౌంటింగ్ చదివాను. యూనివర్సిటీలకు ఉద్యోగ వీసా హెచ్-1బీ కోటా వర్తించదు, లాటరీ టెన్షన్ ఉండదు. అందుకే వేరే ఎక్కడా కాకుండా యూనివర్సిటీలోనే అప్లై చేశాను. 2008 ఆగస్టులో చేరాను. సెప్టెంబరులో మార్కెట్ కూలింది. 2009 జూన్ 30న ఖాతాలు మూసేసరికి హార్వర్డ్ అంతటి నిధికే పెట్టుబడుల మీద 27 శాతం నష్టం.

మా దగ్గర 2007లో పెట్టిన ఒక పీఠం ఉండేది, కెమిస్ట్రీలో. భర్త పేరు మీద ఒక పెద్దావిడ 15 లక్షల డాలర్లు ఇచ్చారు. పాత నిధులకు ముందటి లాభాల కొవ్వు ఉంటుంది, తట్టుకుంటాయి. దీనికి రెండేళ్ళే. విలువ 11 లక్షలకు పడిపోయింది. ఇచ్చిన మొత్తం కంటే కిందికి పోయిన నిధిని అండర్‌వాటర్ అంటారు. అక్కడి రాష్ట్రాలు నమూనాగా తీసుకునే 1972 నాటి మోడల్ చట్టం ప్రకారం అలాంటి నిధిలోంచి పెరిగిన విలువ అంటూ తీయడానికి ఉండేది కాదు. 2006లో వచ్చిన కొత్త మోడల్ చట్టం జాగ్రత్తగా ఆలోచించి కొంత తీసుకోవచ్చంది. కానీ మా ఆఫీసు తీయకూడదనే నిర్ణయించింది.

ఆ సంగతి ఆవిడకు ఉత్తరం రాయడం నా వంతు. నాలుగుసార్లు రాశాను. నా ఇంగ్లీషు మీద నాకే నమ్మకం లేని రోజులు. పోస్టు చేసిన వారానికి ఆవిడే ఫోన్ చేశారు. కోప్పడతారేమోనని గుండె దడదడలాడింది. ఆవిడ మార్కెట్ గురించి ఒక్క మాట అడగలేదు. "ల్యాబ్‌లో ఆ కుర్రాడికి ఈ ఏడాది ఎవరిస్తారు మరి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పది రోజుల తర్వాత 60,000 డాలర్ల చెక్కు వచ్చింది. కింద చేతిరాతతో, ఈ ఏడాది ఖర్చుకు మాత్రమే, అసలులో కలపవద్దు అని ఉంది. దానికి వేరే ఖాతా తెరిచాను. ఆ కుర్రాడి పేరు జీతాల లిస్టులోంచి పోలేదు. ఆవిడ మరుసటి ఏడాదీ పంపారు. నిధి మళ్ళీ 15 లక్షలు దాటడానికి 2013 దాకా పట్టింది.

వరండాలో ఇదంతా చెబుతుంటే మావయ్య, "అసలు కంటే వడ్డీ ముద్దు అంటారు, మీకక్కడ అసలే ముద్దన్నమాట" అన్నారు. రెండూ ముద్దే మావయ్యా, అన్నాను. మనకిది కొత్తా? శ్రీకూర్మంలో, ముఖలింగంలో శాసనాలు చూస్తే అఖండ దీపానికి ఆవులనో గొర్రెలనో మాడలనే బంగారు నాణేలనో ఇచ్చినట్టు చెక్కి ఉంటుంది. మంద అసలు, నెయ్యి వడ్డీ. మందను కోసుకు తింటే దీపం ఆరిపోతుంది. అన్నీ పాలిచ్చేవే ఉంచి దూడలను అమ్మేసుకున్నా కొన్నాళ్ళకు ఆరిపోతుంది. కేంబ్రిడ్జిలో న్యూటన్ కూర్చున్న గణిత పీఠం కూడా అంతే. 1663లో హెన్రీ లూకస్ ఆస్తితో పెట్టారు, ఏడాదికి 100 పౌండ్లు వచ్చే భూమి కొనమని వీలునామా. స్టీఫెన్ హాకింగ్ 2009 దాకా ఆ పదవిలోనే ఉన్నారు.

ఖాతా పుస్తకం తీసుకుని లెక్క వేశాను. మాస్టారికి నెలకు 25,000 అంటే ఏడాదికి 3 లక్షలు. బ్యాంకులో 7 శాతం వస్తుందనుకుంటే 43 లక్షలు చాలనిపిస్తుంది. అందరి మొహాలూ వెలిగాయి. కానీ వచ్చిన వడ్డీ అంతా ఇచ్చేస్తే పదేళ్ళ తర్వాత కూడా మాస్టారికి అదే 25,000. అప్పటికి బియ్యం ధర ఎంతుంటుందో మిల్లువాళ్ళకు నేను చెప్పాలా? అసలు ధరలతో పాటు పెరగాలి. 7లో 3 తీసుకుని 4 వదిలేయాలి. అలాగైతే కోటి రూపాయలు కావాలి. 18 లక్షల మీద 3 శాతమంటే నెలకు 4,500.

ఎవరూ మాట్లాడలేదు. అమ్మ లోపల్నుంచి టీ తెచ్చింది.

హార్వర్డ్‌లో తమిళ పీఠానికి 60 లక్షల డాలర్లు కావలసి వచ్చింది. ఊరూరా చందాలెత్తారు, తమిళనాడు ప్రభుత్వం 10 కోట్ల రూపాయలిచ్చింది, 2018కి పూర్తయింది. ఎమరీ యూనివర్సిటీలో తెలుగు ప్రొఫెసర్ పదవి కొప్పాక కుటుంబం పేరున ఉంది. ఇవి చెప్పాను గానీ, ఆ అంకెలు వింటే వీళ్ళు ఇంకా కుంగిపోతారని తొందరగా దాటేశాను.

అప్పుడు ఒక బాబాయి, "నేను ఇంకో 5 లక్షలిస్తాను, మా కోడలు బీఈడీ చేసింది, ఆ పోస్టు ఆమెకిస్తే సరి" అన్నారు. మంచి మనిషి, మంచి కోడలు. అయినా కాదన్నాను. డబ్బిచ్చినవాళ్ళు పదవిలో ఎవరుండాలో చెప్పకూడదు. నేను అక్కడ రాసే ప్రతి ఒప్పందంలో ఇది ఉంటుంది. 1991లో లీ బాస్ అనే ఆయన యేల్‌కు 2 కోట్ల డాలర్లిచ్చారు. అధ్యాపకుల ఎంపికలో తన ఆమోదం ఉండాలని తర్వాత అడిగితే, యేల్ 1995లో డబ్బంతా తిరిగిచ్చేసింది. బాబాయి కాసేపు ఆలోచించి, "కోడలు అప్లికేషన్ అయితే పెట్టుకోవచ్చు కదా" అన్నారు. తప్పకుండా పెట్టుకోవచ్చు బాబాయ్, ఎంపికలో మీరు కూర్చోకూడదు, అంతే.

నా వంతు వచ్చేసరికి నోరు పెగల్లేదు. 2019లో నేను అమెరికా పౌరసత్వం తీసుకున్నాను. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా నేనిచ్చేది చట్టప్రకారం విదేశీ విరాళమే. దాన్ని అందుకునే ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. దుబాయిలో ఉన్న మా తమ్ముడికి ఇండియన్ పాస్‌పోర్టే, వాడు తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు. "నా చేతికిచ్చెయ్, నేనిస్తాను" అన్నారు నాన్న. వద్దు నాన్నా, దొడ్డిదారి లెక్కలు పట్టుకునే పని చేస్తూ నేనే ఆ దారి తొక్కలేను. ట్రస్టుకు అనుమతి వచ్చేదాకా నేను ఖాళీ చేతులతోనే ఉండాలి. ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

ఎంకాం చదవడానికి ఆంధ్ర యూనివర్సిటీకి వెళ్ళిన మొదటి వారం గుర్తొచ్చింది. సైన్స్ కాలేజీ మీద మా ఊరి పేరు, మా మహారాజా పేరు చూసి అక్కడే నిలబడిపోయాను. విక్రమదేవ వర్మ గారు ఆ యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలిచ్చారు. తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన మనిషి. ఆ రోజుల్లో లక్ష అంటే చిన్న మాట కాదు. 1951లో ఆయన పోయారు, 1951 నాటి చట్టంతో ఒడిశాలో ఎస్టేట్లూ పోయాయి. ఏటేటా ఇచ్చే చెయ్యి ఉన్నంతకాలం పని వెంటనే సాగుతుంది. ఆ చెయ్యి లేనప్పుడు నిలవడానికి అసలు కావాలి. మా పెద్దావిడ చెక్కు మళ్ళీ కళ్ళ ముందు మెదిలింది.

పొద్దున్నే నాన్నను లేపాను. 18 లక్షలు ముట్టొద్దు, పదేళ్ళు వదిలేస్తే 7 శాతం మీద 35 లక్షలవుతుంది, ఈలోగా కొత్త చందాలు కూడా అందులోనే వెయ్యండి అన్నాను. మాస్టారి జీతం కోసం వేరే ఖాతా. ఏడాదికి 10,000 ఇచ్చే ఇళ్ళు 30 దొరికితే 3 లక్షలు. నాన్న వేళ్ళ మీద ఇళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. 22 దగ్గర ఆగి, "సాలూరులో మన పాత విద్యార్థులున్నారు కదా" అన్నారు.

జులైలో వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. ఎర్ర పుస్తకంలో రెండు పేజీలు. ఎడమవైపు నాన్న గుండ్రటి రాతలో అసలు అని, కింద ఒకే ఒక్క పంక్తి. కుడివైపు 31 ఇళ్ళ పేర్లు, చివర్న తెలుగు టీచరు జూన్ జీతం 25,000, పక్కనే ఆమె సంతకం. పార్వతీపురం అమ్మాయి. సంతకం తెలుగులోనే చేసింది.