పొయ్యి మంచిదే, కట్టె పచ్చిది: కట్టెల స్టవ్‌తో ఇల్లు వెచ్చబెట్టుకున్న నా అనుభవం

న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ దగ్గర మా ఇంట్లో కట్టెల స్టవ్ పెట్టించుకున్నాం. కాగితం మీద రాసినంత వేడి దాన్నుంచి రాబట్టడానికి పడ్డ తిప్పలు ఇవి. ఇప్పుడిప్పుడే దారికొచ్చింది, మరుపు రాకముందే రాసి పెడుతున్నాను. ఈ చలి రాష్ట్రాల్లో ఇల్లు కొనుక్కుని, మంచు తుఫానుకి కరెంటు పోయి, ఇంటిని వెచ్చబెట్టే యంత్రం ఫర్నేస్ ఆగిపోతే పిల్లలతో ఏం చేయాలా అని ఆలోచించే మనవాళ్ళకి ఇది నిజంగా అవసరం.

ముందు తేలికగా అయిపోయినవి. టౌన్ ఆఫీసులో పర్మిట్ దరఖాస్తు, బిగించాక ఇన్‌స్పెక్షన్, ఆ కాగితం ఇన్సూరెన్సు వాళ్ళకి పంపడం: ఇబ్బంది ఏమీ లేదు. ఇన్సూరెన్సుకి చెప్పకుండా మాత్రం పెట్టకండి. 2020 మే తర్వాత అమ్మే కొత్త స్టవ్‌లన్నీ ఈపీఏ, అంటే అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ, నిబంధనకి లోబడాలి. గంటకి 2 గ్రాముల కంటే ఎక్కువ పొగ నుసి వదలకూడదు, మామూలు చీల్చిన కట్టెతో పరీక్షిస్తే 2.5 గ్రాములు. కాబట్టి ఏ కంపెనీదైనా ఇంజనీరింగ్ బాగానే ఉంటుంది. వేల డాలర్లు ఎక్కువ పెట్టినంత మాత్రాన ఎక్కువ వేడి రాదు. మాది 1,600 చదరపు అడుగుల ఇల్లు, ఫైర్‌బాక్స్ (స్టవ్‌లో కట్టెలు మండే అర) 2 ఘనపుటడుగుల పైచిలుకు.

పొగగొట్టం విషయంలో పిసినారితనం వద్దు. ఇంటి లోపలి నుంచి నిటారుగా పైకప్పు దాటించండి. గోడకి బెజ్జం కొట్టి బయటినుంచి లేపిన గొట్టం చలికి గడ్డకట్టి ఉంటుంది, పొగని సరిగా లాగదు. స్టవ్ పైనుంచి 15 అడుగులకి తగ్గకూడదు. కప్పుని దాటిన చోట కనీసం 3 అడుగులు పైకి ఉండాలి, చుట్టూ 10 అడుగుల్లో ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుండాలి. మాకు ఇవన్నీ సరిపోయాయి. ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టి వెళ్ళాడు.

అసలు కథ ఆ తర్వాతే.

స్టవ్ వెలిగిస్తే మంట లేస్తుంది, దుంగ పెట్టగానే చల్లబడుతుంది. కట్టె చివర్లనుంచి నీళ్ళు బుడగలు కట్టి సుయ్యిమంటాయి. ముందున్న అద్దం ఒక్క పూటలో నల్లగా మసిబారుతుంది. గొట్టం మీద అయస్కాంతంతో అతికించిన థర్మామీటర్ 250 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటదు. గాలి మీట పూర్తిగా తెరిస్తేనే మండుతుంది, సగానికి మూస్తే పొగలోకి దిగుతుంది. గదిలో స్వెట్టర్ తీసే పరిస్థితి లేదు.

స్టవ్ అమ్మిన షాపు వాళ్ళకి ఫోన్ చేస్తే ముందు అడిగింది, "ఇంతకు ముందు ఎప్పుడైనా పొయ్యి వెలిగించారా?" అని. తర్వాత వచ్చిన టెక్నీషియన్ కట్టె వైపు కన్నెత్తి చూడలేదు. చిదుగులు ఎలా పేర్చాలో చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పి, తలుపు ఓరగా తెరిచి ఉంచి మండించమని సలహా ఇచ్చి, డబ్బు తీసుకుని వెళ్ళాడు. తుమ్మ కట్టె, సరుగుడు కట్టె మీద వండిన అన్నం తిని పెరిగినవాళ్ళకి నిప్పు రాజేయడం నేర్పడానికి వచ్చాడు. ఆ సలహా కూడా ప్రమాదకరమైనదే. తలుపు తెరిచి మండిస్తే వేడంతా గొట్టంలోంచి పోతుంది, నిప్పురవ్వలు గచ్చు మీద పడతాయి, ఎండు కట్టె దొరికిన రోజున అదే అలవాటుతో స్టవ్ ఎర్రగా కాలి లోపలి పలకలు వంగిపోతాయి. వెలిగించిన మొదటి కొద్ది నిమిషాలు, అదీ పక్కనే నిలబడి ఉంటే తప్ప, తలుపు మూసే ఉండాలి.

తప్పు స్టవ్‌దా, గొట్టానిదా, కట్టెదా తేల్చుకోవడానికి ఒక చవకైన పరీక్ష ఉంది. హార్డ్‌వేర్ షాపుల్లో రంపపు పొట్టుని ఒత్తిడితో ఇటుకల్లా అచ్చు వేసి అమ్ముతారు. వాటిలో తేమ 10 శాతం లోపే ఉంటుంది. ఒక కట్ట తెచ్చి మూడు నాలుగు ఇటుకలు మాత్రమే పెట్టి వెలిగించండి, ఫైర్‌బాక్స్ నింపొద్దు. అదే స్టవ్, అదే గొట్టం, అదే మనిషి. మా ఇంట్లో అరగంటలో థర్మామీటర్ 450 దగ్గర నిలిచింది, అద్దం మీది మసి దానంతటదే కాలిపోయి తేటపడింది. ఇక వాదన అక్కర్లేదు. కట్టె పచ్చిది.

దానికి రుజువు కావాలంటే రెండు సూదుల తేమ మీటర్ కొనండి, ఖరీదేమీ కాదు. కానీ సరిగ్గా వాడాలి. కట్టె పైభాగం మీదో చివర మీదో గుచ్చితే ఎప్పుడూ ఎండినట్టే చూపిస్తుంది. కట్టెని అప్పటికప్పుడు గొడ్డలితో చీల్చి, కొత్తగా బయటపడ్డ లోపలి ముఖం మధ్యలో, నార పోయే దిశలోనే రెండు సూదులూ దించాలి. బయట గడ్డకట్టిన కట్టెని కొలిస్తే అంకె తక్కువ చూపిస్తుంది, కాబట్టి ముందు రోజు రాత్రి ఇంట్లోకి తెచ్చి పెట్టాలి. ఇంకో మెలిక: మీటర్ చూపించేది ఎండు కట్టె బరువుతో పోల్చిన నీరు. మొత్తం బరువులో నీటి వాటా 20 శాతం ఉంటే మీటర్ 25 అంటుంది. నా లెక్కలో మీటర్ 20కి దిగితే పెళ్ళివారికి పెట్టినంత మర్యాదగా మండుతుంది, 25 దాకా సర్దుకోవచ్చు, 30 దాటితే స్టవ్‌లో పెట్టొద్దు. "సీజన్డ్", అంటే ఎండబెట్టినది, అని ప్రకటన ఇచ్చి మాకు దింపిన మోపులో లోపల 33, 35 ఉన్నాయి.

నీరు వేడిని తినేస్తుందని అందరూ అంటారు. ఎలా తింటుందో లెక్క వేస్తే నాకే ఆశ్చర్యం వేసింది. పూర్తిగా ఎండిన కట్టె 10 కిలోల్లో సుమారు 190 మెగాజూళ్ళ శక్తి ఉంటుంది. మీటర్ 35 చూపిస్తే ఆ 10 కిలోలకి తోడు 3.5 కిలోల నీరు ఉన్నట్టు. ఆ నీటిని మరిగించి ఆవిరి చేయడానికి పోయేది 9 మెగాజూళ్ళు, అంటే 5 శాతం. ఎంత ఎండు కట్టెలోనైనా కొంత తేమ ఉంటుంది కాబట్టి తేడా ఇంకా తక్కువ. మరి ఇల్లు ఎందుకు వెచ్చబడదు? నష్టం ఆవిరిలో లేదు, పొగలో ఉంది. కట్టెలోని శక్తిలో సగానికి పైగా పొగగా, ఆవిర్లుగా బయటికొచ్చే వాయువుల్లోనే ఉంటుంది. చాలా కొత్త స్టవ్‌లలో పైన సన్నటి బెజ్జాలున్న గొట్టాలు ఉండేది వాటిని కాల్చడానికే. అక్కడ వేడి గాలి తగిలి పొగ మళ్ళీ అంటుకోవాలంటే ఫైర్‌బాక్స్ సుమారు 1,100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరాలి. పచ్చి కట్టె ఆ వేడిని అందుకోనివ్వదు. కాలని పొగ గొట్టంలో పైకి పోయి, చల్లబడ్డ చోట తారులా పేరుకుంటుంది. చిమ్నీ మంటలకి కారణం అదే. పైగా మంట ఆరకుండా గాలి బార్లా తెరుస్తాం కదా, ఆ గాలి గదిలోని వేడిని కూడా లాక్కుపోతుంది. రెండు వైపులా దెబ్బ.

కట్టె అమ్మేవాళ్ళ మాటలు నమ్మకండి. "సీజన్డ్" అనే మాటకి వాళ్ళ దగ్గర ఏ కొలతా లేదు. చెట్టు కొట్టి ఏడాది అయిందంటారు, కానీ దుంగగా పడి ఉన్నంత కాలం అది ఎండదు. చీల్చిన రోజునుంచే ఎండటం మొదలు. "హీట్ ట్రీటెడ్" అని ముద్ర ఉంటే ఇంకా జాగ్రత్త. యాష్ చెట్లని తినేసే పచ్చ పురుగు 2002లో మిషిగన్‌లో బయటపడి 2009కల్లా న్యూయార్క్ చేరింది. అలాంటి పురుగులు కట్టెతో ప్రయాణం చేయకుండా ఈ రాష్ట్రంలో శుద్ధి చేయని వంటచెరకుని 50 మైళ్ళు దాటించకూడదనే నిబంధన ఉంది. ఆ ముద్ర అర్థం పురుగు చచ్చేంత వేడి పెట్టారని, కట్టె ఎండిందని కాదు. కొలత విషయంలోనూ అంతే. కార్డ్ అంటే 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల లోతు, 8 అడుగుల పొడవు, మొత్తం 128 ఘనపుటడుగులు. ఫేస్ కార్డ్ అంటే 16 అంగుళాల కట్టె ఒక్క వరసే, అందులో మూడో వంతు. "ట్రక్కు లోడు" అంటే ఏమీ కాదు. దింపే ముందే మోపు మధ్యలోంచి మీరే మూడు కట్టెలు ఎంచి, చీల్చి, మీటర్ పెట్టి చూపించాకే డబ్బివ్వండి. ఒప్పుకోనివాడి దగ్గర కొనొద్దు. మనం పరాయివాళ్ళమని, అడగరని అనుకుంటారు. అడగండి.

అందరికంటే నమ్మకమైన పద్ధతి, ఏ కట్టె కొన్నా పచ్చిదనే అనుకుని ముందే కొని మనమే ఎండబెట్టుకోవడం. జాతిని బట్టి కాలం మారుతుంది. నరికిన రోజున ఎర్ర ఓక్‌లో ఎండు బరువుకి 80 శాతం నీరు, మేపుల్‌లో 65, తెల్ల యాష్‌లో 45. అందుకే యాష్ ఒక మంచి వేసవికి దారికొస్తుంది, ఓక్‌కి రెండేళ్ళు పడుతుంది. చెట్టు నిలబడే చచ్చిపోయింది కదా అని యాష్‌ని కొలవకుండా వాడొద్దు, మొదలు భాగం తడిగానే ఉంటుంది. పైన్ తారు పట్టిస్తుందన్న భయం అక్కర్లేదు. ఎండిన పైన్ శుభ్రంగా మండుతుంది, త్వరగా అయిపోతుందంతే. అందుకే పగటికి పైన్, రాత్రికి ఓక్ వాడుతున్నాం.

చీల్చిన ముక్క 4 నుంచి 6 అంగుళాల మందం ఉండాలి. నేలకి తగలకుండా పాలెట్ల మీద, గాలి దూరేట్టు ఒంటి వరసగా, ఎండా గాలీ తగిలే చోట పేర్చండి. పైన మాత్రమే కప్పండి. టార్పాలిన్‌తో నాలుగు పక్కలా చుట్టేస్తే లోపల ఉడికి బూజు పడుతుంది. ఎండిన రెండు కట్టెలు ఒకదానికొకటి కొడితే ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. ఊళ్ళో పెద్దవాళ్ళు చేసే పరీక్ష ఇదే, ఇక్కడా పనిచేస్తుంది.

ఎండు కట్టె చేతికొచ్చాక మిగతాదంతా గాలి మీట దగ్గర ఉంది. వెలిగించేటప్పుడు అడుగున రెండు పెద్ద కట్టెలు, వాటి మీద అడ్డంగా మధ్యరకం, అన్నిటికీ పైన చిదుగులు పేర్చి పైనుంచి అంటించండి. మంట కిందికి దిగుతుంది, గొట్టం ముందే వేడెక్కుతుంది, పొగ దాదాపు రాదు. గొట్టం థర్మామీటర్ 400 చూపాక మీటని ఒక్కసారిగా కాకుండా ముందు సగానికి, ఐదు పది నిమిషాలాగి పావుకి తగ్గించండి. మంటలు కట్టెని వదిలి పైగొట్టాల కింద నెమ్మదిగా తేలుతుంటే సరిగ్గా ఉందన్నమాట. గాలి తగ్గిస్తే స్టవ్ పైభాగం ఇంకా వేడెక్కుతుంది, ఎందుకంటే వేడిని పైకి ఈడ్చే గాలి తగ్గింది. చాలామంది చలేసినప్పుడు మీట తెరుస్తారు, అది తప్పు. ఒంటి పొర గొట్టానికి 250 నుంచి 475 మధ్య మంచి హద్దు. రెండు పొరల గొట్టానికి పైన అతికించే థర్మామీటర్ పనికిరాదు, బెజ్జం వేసి లోపలికి దించేది కావాలి. మళ్ళీ కట్టె పెట్టేటప్పుడు మిగిలిన నిప్పుల్ని తలుపు వైపుకి లాగి వెనక పేర్చండి. ఇలా చేస్తే మాకు రాత్రి పదింటికి పేర్చిన ఓక్‌కి తెల్లవారి అగ్గిపుల్ల అక్కర్లేకుండా నిప్పులు ఉంటున్నాయి, బయట సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా హాల్లో 72కి తగ్గడం లేదు. ఈ వీధిలో ఏ పొగగొట్టమూ మాదంత శుభ్రంగా ఉండదు.

మన ఇళ్ళకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది: వంటగది హుడ్. పోపు ఘాటు పోవాలని మనవాళ్ళు 600 సీఎఫ్ఎం (నిమిషానికి 600 ఘనపుటడుగుల గాలి లాగే) హుడ్ పెట్టించుకుంటారు. బిగుతుగా కట్టిన ఇంట్లో అది నడుస్తుంటే గదిలో గాలి ఒత్తిడి తగ్గి, స్టవ్ తలుపు తీయగానే పొగ లోపలికే వస్తుంది. నిప్పులు నివురుగప్పి ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ కూడా వెనక్కి రావచ్చు, దానికి వాసన ఉండదు. తలుపు తీసే ముందు హుడ్, బట్టల డ్రయ్యర్ ఆపండి, లేదా స్టవ్ దగ్గరి కిటికీ అంగుళం తెరవండి. స్టవ్‌కి బయటి గాలి గొట్టం బిగించే వీలుంటే బిగించండి. పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా ఒక్క కట్టె కూడా వెలిగించొద్దు.

వేడి చివరి గదులకి చేరాలంటే ఫ్యాన్‌ని స్టవ్ దగ్గర పెట్టి అటు ఊదడం దండగ. చల్లటి గదిలో నేల మీద చిన్న ఫ్యాన్ పెట్టి, స్టవ్ వైపు చల్లగాలి తోయండి. బరువైన చల్లగాలి కిందినుంచి కదిలితే, వెచ్చటి గాలి ద్వారబంధం పైభాగంలోంచి ఆ గదిలోకి వస్తుంది. చూడాలనిపిస్తే గుమ్మం పైన టిష్యూ కాగితం వేలాడదీయండి, ఎటు ఊగుతుందో తెలుస్తుంది.

తలుపు చుట్టూ గాలి దూరకుండా బిగించిన తాడు వదులైనా స్టవ్ అదుపులో ఉండదు. డాలర్ నోటు తలుపులో పెట్టి మూసి లాగండి. తేలిగ్గా జారివస్తే తాడు మార్చాలి. గొట్టం ఏడాదికోసారి తోమించాలి. పచ్చి కట్టె కాల్చి ఉంటే ఆ సీజన్ మధ్యలోనే తోమించాలి.

బూడిద మొత్తం ఎత్తకండి. అడుగున ఒక అంగుళం ఉంటే నిప్పులు నిలుస్తాయి. ఎత్తినదాన్ని మూత ఉన్న ఇనప బకెట్లో వేసి ఇంటికి దూరంగా, చెక్క డెక్ మీద కాకుండా, రాతి మీదో మట్టి మీదో పెట్టండి. లోపల నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది. పూర్తిగా చల్లారాక జల్లెడ పట్టి ఇత్తడి చెంబులు తోముకోవచ్చు, తోటలో టమాటా, గోంగూర మడులకి పలచగా చల్లుకోవచ్చు. బ్లూబెర్రీ మొక్కలకి మాత్రం వేయొద్దు, వాటికి పులుపు నేల కావాలి.