మూసేసిన పవర్‌హౌస్ చూడాలని

ఐర్లాండ్ వెళ్లినవాళ్లు సముద్రం ఒడ్డు కొండల దగ్గర ఫొటోలు దిగుతారు. నేను మాత్రం మూతపడ్డ పవర్‌హౌస్ ఉన్న ఊరు చూస్తానని పట్టుబట్టాను. మా ఆవిడ తల కొట్టుకుంది. "పాల్వంచలో ముప్పై ఏళ్లు బాయిలర్ల దగ్గరే బతికారు, ఇక్కడ కూడా అవేనా?" అంది. డబ్లిన్‌లో ఉండే అల్లుడు నా మాట కాదనలేక ఒక శనివారం పొద్దున్నే కారు తీశాడు.

పడమటివైపు గంటన్నర ప్రయాణం. దారి పొడవునా గడ్డి, ఆవులు, మళ్లీ గడ్డి. ఈ దేశంలో మనుషులు 50 లక్షల పైచిలుకు, పశువులు 70 లక్షల దాకా. దేశం వదిలే, భూమిని వేడెక్కించే వాయువుల్లో మూడో వంతుకు పైగా వ్యవసాయానిదే, అందులోనూ పెద్ద వాటా ఈ ఆవులదే అని అల్లుడు చెప్పాడు. నాకు పాలపొడి గుర్తొచ్చింది, వాయువులు కాదు.

ముందు ఆఫలీ కౌంటీలో క్లారా బాగ్ దగ్గర ఆగాం. బాగ్ అంటే ఊబినేల. చెక్కబాట దిగొద్దని బోర్డు పెట్టారు. నేను వంగి చేత్తో నొక్కి చూశాను. నీళ్లు పీల్చిన పరుపులా లోపలికి పోయింది. స్ఫాగ్నమ్ అనే నాచు చచ్చిపోయినా నీళ్లలో గాలి అందక కుళ్లదు. అలా పేరుకుంటూ ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మీటరు లోతు తవ్వితే వెయ్యేళ్లు తవ్వినట్టు. ఆ పేరుకున్నదాన్నే పీట్ అంటారు. మన సింగరేణి బొగ్గు పసితనంలో ఇలాగే ఉండేది. దీన్ని కోసి ఆరబెట్టి పొయ్యిలో పెట్టుకుంటే టర్ఫ్. ఈ దేశానికి బొగ్గు, నూనె పెద్దగా లేవు, ఉన్నది ఇదే.

అందుకే ప్రభుత్వం 1946లో బోర్డ్ నా మోనా అనే సంస్థ పెట్టి ఈ నేలలను పెద్ద ఎత్తున తవ్వించింది. పైపొరను పొడిగా గీకి, ఎండబెట్టి, చిన్న రైళ్లలో పవర్‌హౌస్‌లకు చేరవేసేవారు. ఊళ్లకు జీతాలు వచ్చాయి, ఇళ్లు లేచాయి. కానీ పీట్ బొగ్గు కన్నా తక్కువ వేడినిస్తుంది, యూనిట్‌కి ఎక్కువ కర్బనం వదులుతుంది. బాయిలర్ మనిషిగా చెప్తున్నా, అది సబ్సిడీ మీద నడిచే ఇంధనం. ఆ సబ్సిడీ ప్రతి ఇంటి కరెంటు బిల్లులోనూ లెవీగా పడేది.

షానన్ నది ఒడ్డున షానన్‌బ్రిడ్జ్ చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇక్కడి 150 మెగావాట్ల స్టేషన్, లేన్స్‌బరోలోని 100 మెగావాట్లది రెండూ 2020 డిసెంబరులో ఆగిపోయాయి. తవ్వకం 2030 దాకా సాగుతుందని 2015లో చెప్పారు. 2018లో అది 2025 అయింది. చివరికి 2020లోనే తాళం పడింది. నాకు నొప్పి అనిపించింది ఇక్కడే. మూసెయ్యడం తప్పనను. పదిహేనేళ్లు టైముందని చెప్పి ఐదేళ్లకే పొమ్మనడం తప్పంటాను.

పాల్వంచలో మా కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్) పాత యూనిట్లు, మొత్తం 720 మెగావాట్లవి, కూడా 2020కల్లా ఆగిపోయాయి. 2024 ఆగస్టు 5న ఎనిమిది కూలింగ్ టవర్లనూ పేల్చి పడగొట్టినప్పుడు నేను ఫోన్లో చూస్తూ కూర్చున్నాను. కానీ మాకు పక్కనే 800 మెగావాట్ల కొత్త బొగ్గు యూనిట్ లేచింది. ఊరు ఖాళీ కాలేదు. గాలి మాత్రం మారలేదు. వీళ్లది పూర్తిగా తిరగేసిన కథ.

రాత్రి దిగిన ఇంటి యజమాని ఒకప్పుడు ఆ పీట్ రైళ్లు నడిపినాయన. ఆయన ఇంగ్లిష్ నాకు సగమే అందింది, మిగతాది అల్లుడు చెప్పాడు. ఉద్యోగం పోయాక కొంతకాలం ఎక్స్‌కవేటర్ నడిపాడట. ముందు నీళ్లు పోవాలని తవ్విన కాలవలనే ఇప్పుడు పూడ్చి, పీట్‌లోని కర్బనం గాల్లోకి పోకుండా బాగ్‌ను మళ్లీ తడుపుతున్నారు. 33 వేల హెక్టార్లు తడపాలని లక్ష్యం, ప్రభుత్వం 10.8 కోట్ల యూరోలు ఇచ్చింది. "మా నాన్న తవ్వాడు, నేను మోశాను, నేనే పూడ్చాను" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

పెరట్లో టర్ఫ్ గూడు చూపించాడు. అచ్చం మన పిడకల గూడే. పూర్వం ష్లాన్ అనే సన్నపారతో కోసేవాళ్లు. ఇప్పుడు మెషిన్ వచ్చి టూత్‌పేస్టు పిండినట్టు వరసలుగా పరిచి పోతుంది. తర్వాత నడుం వంచి నాలుగైదు గడ్డల్ని ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి ఆరబెట్టుకోవాలి. 2022 అక్టోబరు 31 నుంచి షాపుల్లో, ఆన్‌లైన్‌లో టర్ఫ్ అమ్మకం నిషేధం. పల్లె ఎంపీలు గొడవ చెయ్యడంతో, కోసుకునే హక్కున్నవాళ్ల జోలికి రాలేదు. ఆ హక్కు ఈయనకుంది.

"తవ్వకం ఆపేశాం అంటారు. 2021లో లాత్వియా నుంచి 3,600 టన్నుల పీట్ ఓడలో ద్రోహెడా రేవుకి దిగింది, మొక్కల నర్సరీల్లో కుండీ మట్టికి. ఎక్కడ తవ్వినా ఆకాశం ఒకటే కదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు లఫ్ బూరా చూశాం. తవ్వి వదిలేసిన నేల ఇప్పుడు చెరువులు, పక్షులు, సైకిల్ దారులు. పిల్లలతో జనం బాగానే ఉన్నారు. తిరుగుదారిలో మౌంట్‌లూకస్ గాలిమరలు కనిపించాయి. పాత బాగ్ మీద 28 మరలు, 84 మెగావాట్లు.

"ఈ కరెంటంతా ఎక్కడికి పోతుంది బాబూ?" అన్నాను.

అల్లుడు డేటా సెంటర్‌లో పనిచేస్తాడు. కాసేపు రోడ్డు చూసి, "దేశం మొత్తం కరెంటులో ఐదో వంతు మా డేటా సెంటర్లదే మామయ్యా. 2023 లెక్కల్లో పట్నాల్లోని ఇళ్లన్నీ కలిపి వాడినదానికన్నా ఎక్కువ" అన్నాడు. ఆ తర్వాత ఇంటికెళ్లేదాకా క్రికెట్ మాట్లాడుకున్నాం.

వచ్చేటప్పుడు ఆ పెద్దాయన ఒక టర్ఫ్ గడ్డ పేపర్లో చుట్టి చేతిలో పెట్టాడు. అమ్మాయి ఫ్లాట్‌లో పొయ్యి లేదు. బాల్కనీలో మా ఆవిడ కొత్తిమీర కుండీ పక్కన పెట్టాను. కుండీలో పోసిన మట్టి సంచి మీద పీట్ లేనిది అని పెద్ద అక్షరాలు. తిప్పి చదివితే లోపలున్నది ఇండియా కొబ్బరి పొట్టు.