మాంసం తిన్న నాలుగు గంటలకు దద్దుర్లు: ఏ రక్తపరీక్ష రాయించుకోవాలి, అంకెను ఎలా చదవాలి

రెడ్ మీట్ అలర్జీ రక్తపరీక్షలో మొదటి పొరపాటు చాలాసార్లు ల్యాబ్ దాకా వెళ్లకముందే, చీటీ మీదే జరిగిపోతుంది. రాయాల్సింది ‘ఆల్ఫా-గాల్ ఐజీఈ’ (ఐజీఈ అంటే అలర్జీని రేపే రకం యాంటీబాడీ). కంప్యూటర్‌లో ‘ఆల్ఫా గాల్’ అని కొట్టగానే ‘ఆల్ఫా గెలాక్టోసిడేజ్’ కూడా జాబితాలో కనిపిస్తుంది. అది ఫాబ్రీ వ్యాధి అనే జన్యుసంబంధమైన జబ్బును పట్టుకోవడానికి చేసే ఎంజైమ్ పరీక్ష. మాంసానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. పొరపాటున అది చేస్తే రిపోర్టు ‘నార్మల్’ అని వస్తుంది, అలర్జీ లేదనుకుని రోగి మళ్లీ మాంసం తింటాడు. అందుకే రక్తం ఇచ్చేముందు చీటీలో ‘ఐజీఈ’ అన్న మాట ఉందో లేదో మీరే చూసుకోండి. ఇమ్యునోక్యాప్ అనే ఐజీఈ కొలిచే పద్ధతిలో చేసే ల్యాబులో ఈ పరీక్ష కోడ్ ఓ215.

ఆల్ఫా-గాల్ అంటే ఒక చక్కెర అణువు. ఆవు, పంది, గొర్రె, మేక, జింక, కుందేలు వంటి పాలిచ్చే జంతువుల కణాల మీద ఉంటుంది. మనుషుల్లో, చింపాంజీల వంటి తోకలేని వానరాల్లో, ఆసియా ఆఫ్రికా కోతుల్లో దాన్ని తయారుచేసే జన్యువు పనిచేయదు. కోడి, చేపల్లోనూ ఇది ఉండదు. కొన్ని రకాల పిడుదులు (గోమార్లు) కుట్టినప్పుడు వాటి లాలాజలంతో పాటు ఈ చక్కెర చర్మంలోకి చేరుతుంది. కొందరి శరీరం దానికి ఐజీఈ తరహా యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. ఆ తర్వాత మాంసంతో అదే చక్కెర లోపలికి వస్తే అలర్జీ రేగుతుంది.

ఈ సంగతి మాంసం దగ్గర కాదు, క్యాన్సర్ మందు దగ్గర బయటపడింది. సెటుక్సిమాబ్ అనే మందు మొదటి డోసుకే అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో చాలామందికి తీవ్రమైన అలర్జీ వచ్చేది. ఆ మందు అణువు మీద ఆల్ఫా-గాల్ ఉందనీ, ఆ రోగుల రక్తంలో మందు ఎక్కించకముందే దానికి ఐజీఈ ఉందనీ 2008లో తేలింది. మరుసటి ఏడే, మాంసం తిన్న కొన్ని గంటలకు వచ్చే అలర్జీతో దీనికి ముడి దొరికింది. ఇప్పటికీ ఈ జబ్బు పేరు వినని వైద్యులు తక్కువేమీ కాదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2023లో ప్రచురించిన సర్వేలో 42 శాతం మంది వైద్య సిబ్బంది దీని గురించి తెలియదన్నారు. కాబట్టి పరీక్ష పేరు రోగే చెప్పి అడగాల్సి రావడంలో తప్పేమీ లేదు.

అడిగేముందు ఒక పని చేయండి. గత కొన్ని నెలల్లో వచ్చిన ప్రతి ఎపిసోడ్‌కూ ఎన్నింటికి ఏం తిన్నారు, ఎన్నింటికి మొదలైంది, ఏం జరిగింది అనేవి కాగితం మీద పెట్టండి. ఈ అలర్జీకి గడియారమే పెద్ద సాక్షి. మిగతా ఆహార అలర్జీలు నిమిషాల్లో, మహా అయితే గంట రెండు గంటల్లో బయటపడతాయి. ఇది 2 నుంచి 6 గంటల తర్వాత వస్తుంది. రాత్రి ఎనిమిదికి భోంచేసి, నిద్రలోంచి దురదతో, దద్దుర్లతో, కడుపునొప్పితో లేవడం దీని ముద్ర. చర్మం మీద ఏమీ లేకుండా కడుపు మెలిపెట్టడం, విరేచనాలు, వాంతులు మాత్రమే ఉండేవాళ్లూ ఉన్నారు. వాళ్లను ఏళ్ల తరబడి ఐబీఎస్ (పేగుల పనితీరు గాడి తప్పే జబ్బు) కింద చూస్తుంటారు. తిన్న ప్రతిసారీ రాకపోవడం కూడా ఇందులో మామూలే. కొవ్వు ఎక్కువున్న ముక్క, మద్యం, వ్యాయామం, కొన్ని నొప్పి మాత్రలు తోడైతే రావడానికి అవకాశం పెరుగుతుంది. అందుకే ‘మొన్న తింటే ఏం కాలేదు కదా’ అన్న ఒక్క మాటతో దీన్ని కొట్టిపారేయకూడదు.

చీటీలో ఆల్ఫా-గాల్ ఐజీఈతో పాటు టోటల్ ఐజీఈ (రక్తంలోని మొత్తం ఐజీఈ) కూడా రాయించుకోండి. అది లేకపోతే వచ్చిన అంకెను సగమే చదవగలం. వీలైతే బీఫ్, పోర్క్, గొర్రెమాంసం, పాలకు విడివిడిగా ఐజీఈ చేయించవచ్చు గానీ అవి తోడు మాత్రమే, ఆల్ఫా-గాల్‌కు బదులు కావు.

రక్తం ఇవ్వడంలో కష్టమేమీ లేదు. పరగడుపున ఉండక్కర్లేదు. సెటిరిజిన్ లాంటి అలర్జీ మాత్రలు ఆపక్కర్లేదు, ఎందుకంటే అవి దురద, దద్దుర్లు తెప్పించే హిస్టమిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయే గానీ రక్తంలోని యాంటీబాడీని తగ్గించవు. చర్మపరీక్షకైతే వాటిని దాదాపు వారం ముందే ఆపాలి. ఇమ్యునోక్యాప్‌లో ఒక్కో అలర్జెన్‌కు 40 మైక్రోలీటర్ల సీరం చాలు కాబట్టి మామూలు సీరం ట్యూబు ఒకటి తీస్తే పైవన్నీ అందులోనే అయిపోతాయి. పిడుదు కుట్టిన మర్నాడే పరిగెత్తడం మాత్రం వృథా. యాంటీబాడీ పెరగడానికి వారాలు పడుతుంది. ఐజీఈని అడ్డుకునే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ తీసుకుంటున్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ మందు వల్ల టోటల్ ఐజీఈ అంకె పెరిగి లెక్క తప్పుతుంది.

ఇక రిపోర్టు. ఆల్ఫా-గాల్ ఐజీఈ 0.1 కేయూ/లీటరు (లీటరుకు కిలోయూనిట్లు) లేదా అంతకు మించి ఉంటే పాజిటివ్‌గా లెక్కిస్తారు. కొన్ని ల్యాబులు పాత కటాఫ్ 0.35నే ముద్రిస్తాయి. అలాంటి చోట 0.2 వచ్చినా ‘నెగటివ్’ అని రావచ్చు, కాబట్టి మాటను వదిలి అంకెను అడగండి. తర్వాత ఆల్ఫా-గాల్ విలువను టోటల్ ఐజీఈతో భాగించి నూటితో గుణించండి. ఉదాహరణకు ఆల్ఫా-గాల్ 1.2, టోటల్ 30 అయితే 4 శాతం. అదే 1.2కు టోటల్ 1200 ఉంటే 0.1 శాతం. ఒకే అంకె అయినా రెండు రిపోర్టుల బరువు వేరు. రెండో మనిషిలో ఎగ్జిమా వల్లో నులిపురుగుల వల్లో ఐజీఈ మొత్తంగానే పొంగి ఉండొచ్చు. విలువ 2 దాటినా, నిష్పత్తి 2 శాతం దాటినా అనుమానం బాగా బలపడుతుందన్నది వాడుకలో ఉన్న కొలమానం. టోటల్ ఐజీఈని కొన్ని ల్యాబులు ఐయూ/ఎంఎల్ అని ఇస్తాయి. 1 ఐయూ/ఎంఎల్ అంటే 1 కేయూ/లీటరే, మార్చే పని లేదు.

అంకె పెద్దదైతే రియాక్షన్ కూడా పెద్దదవుతుందనుకోవడం తప్పు. 0.5తో ఆసుపత్రి పాలైనవాళ్లు ఉంటారు, 20తో రోజూ మాంసం తింటూ ఏమీ కానివాళ్లూ ఉంటారు. పిడుదులు ఎక్కువున్న ప్రాంతాల్లో, అడవి పనివాళ్లలో పాజిటివ్ వచ్చి ఏ లక్షణమూ లేనివాళ్లు చాలామంది. అందుకే లక్షణాలు లేని మనిషికి సరదాగా ఈ పరీక్ష చేయించడాన్ని నేను గట్టిగా వద్దంటాను. పాజిటివ్ వస్తే అనవసరంగా తిండి మానేసి భయంతో బతకాల్సి వస్తుంది. లక్షణాలు సరిపోయి, అంకె పాజిటివ్ అయి, మాంసం మానేశాక ఎపిసోడ్లు ఆగిపోతే నిర్ధారణకు సాధారణంగా అది చాలు.

‘ఫుడ్ ఇంటాలరెన్స్’ పేరుతో అమ్మే ఐజీజీ (ఐజీఈ కాని వేరే రకం యాంటీబాడీ) ప్యానెళ్ల జోలికి వెళ్లకండి. మన పేగుల్లోని బ్యాక్టీరియా మీద కూడా ఇలాంటి చక్కెరే ఉండటంతో, ఆరోగ్యంగా ఉన్నవాళ్లందరి రక్తంలోనూ ఆల్ఫా-గాల్‌కు ఐజీజీ పుష్కలంగా ఉంటుంది. అది దేన్నీ నిరూపించదు. చర్మపరీక్షదీ ఇంకో రకం ఇబ్బంది: రెడీమేడ్ మాంసం సారాలతో గుచ్చితే చిన్న పొక్కు వస్తుంది లేదా అసలు రాదు. అది చూసి అలర్జీ లేదని పంపేస్తుంటారు.

ఆల్ఫా-గాల్ నెగటివ్ వచ్చినా కథ అయిపోలేదు. పోర్క్ తిన్న గంటలోపే వస్తుంటే, ఇంట్లో పిల్లి ఉంటే, పిల్లి ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్) అయిన ఫెల్ డి 2కు, పోర్క్‌కు ఐజీఈ చూడాలి. దీన్నే పోర్క్-క్యాట్ సిండ్రోమ్ అంటారు. పాల అలర్జీ ఉన్న పిల్లల్లో బీఫ్ పడకపోతే ఆవు సీరం ఆల్బుమిన్ అయిన బాస్ డి 6కు చూడాలి. ఈ ఆల్బుమిన్లు వేడికి చాలావరకు పాడైపోతాయి కాబట్టి సగం ఉడికిన ముక్కతో వచ్చి, బాగా ఉడికినదానితో రాకపోవడం వీటి గుర్తు. ఆల్ఫా-గాల్ వంటతో పోదు.

రియాక్షన్ జరుగుతుండగా ఎమర్జెన్సీకి వెళ్తే ట్రిప్టేజ్ (అలర్జీ కణాలు విడుదల చేసే ఎంజైమ్) పరీక్ష అడగండి. లక్షణాలు మొదలైన అరగంట నుంచి రెండు గంటల్లో ఒకసారి, పూర్తిగా తగ్గి కనీసం 24 గంటలయ్యాక మళ్లీ ఒకసారి తీయాలి. రెండోసారి వచ్చిన మామూలు విలువను 1.2తో గుణించి 2 కలిపితే వచ్చేదానికంటే మొదటిది ఎక్కువుంటే అనాఫిలాక్సిస్‌కు (ప్రాణాపాయమైన తీవ్ర అలర్జీకి) అది గట్టి ఆధారం.

నిర్ధారణ అయ్యాక 6 నుంచి 12 నెలలకోసారి ఆల్ఫా-గాల్ ఐజీఈ మళ్లీ చేయించుకోవాలి. వీలైనంతవరకు అదే ల్యాబులో, అదే పద్ధతిలో. మళ్లీ పిడుదులు కుట్టకపోతే చాలామందిలో అంకె మెల్లగా దిగుతుంది, కొందరు కొన్నేళ్లకు మాంసం తినగలుగుతారు. దిగుతున్న అంకె హఠాత్తుగా ఎగబాకితే ఎక్కడో కొత్త పిడుదు కుట్టిందని అనుమానించాలి, చర్మం మడతలు వెతకాలి. అంకె బాగా దిగాక కూడా మొదటి ముక్క ఇంట్లో తిని చూడకండి. డాక్టరు పర్యవేక్షణలో, తీవ్ర అలర్జీకి ఇచ్చే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ సిద్ధంగా ఉన్నచోట తినాలి. ఆలస్యంగా వచ్చే రియాక్షన్ కాబట్టి ఆ తర్వాత కనీసం ఆరు గంటలు అక్కడే ఉండాలి.

ఆపరేషన్ ఏదైనా రాబోతుంటే ఈ రిపోర్టు కాపీని మత్తు డాక్టరుకు ముందే ఇవ్వండి. పంది పేగుల నుంచి తీసే హెపారిన్, జెలటిన్ కలిసిన సెలైన్లు, జంతు కణజాలంతో చేసిన గుండె వాల్వులు, జెలటిన్ క్యాప్సూళ్లు, ఇవన్నీ ఆయన చూసుకోవాల్సిన జాబితాలో ఉంటాయి.