ఎనర్జీని కెల్విన్లలో ఇచ్చారేంటి?

లెనార్డ్-జోన్స్ పొటెన్షియల్ (రెండు పరమాణువుల మధ్య ఎనర్జీ వాటి దూరంతో ఎలా మారుతుందో చెప్పే ఫార్ములా) మీద లెక్క వస్తే చాలామంది ఆగిపోయేది ఫార్ములా దగ్గర కాదు, దాని కింద ఇచ్చే డేటా దగ్గర. "ఆర్గాన్: ఎప్సిలాన్ బై కే = 120 కెల్విన్, సిగ్మా = 3.4 ఆంగ్‌స్ట్రామ్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఎప్సిలాన్ అంటే ఆ పరమాణువుల మధ్య ఆకర్షణ ఎంత బలమో చెప్పే ఎనర్జీ, సిగ్మా ఒక దూరం. మా అక్క కూతురు ఇక్కడే బెంగళూరులో పీజీ హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చేస్తోంది, మొన్న మారతహళ్లిలో మా ఇంటికొచ్చినప్పుడు అడిగిందీ ఇదే: "మావయ్యా, ఎనర్జీ అంటే జౌల్స్‌లో ఉండాలి కదా, మధ్యలో ఈ కెల్విన్ ఏంటి?"

న్యాయమైన డౌటే. అక్కడ ఇచ్చింది ఎనర్జీ కాదు, ఎనర్జీని బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకంతో (ఉష్ణోగ్రతని ఎనర్జీగా మార్చే అంకె, గుర్తు చిన్న కే) భాగిస్తే వచ్చిన విలువ. ఆ "బై కే" కంటికి ఆనదు, పైగా పక్కనే కెల్విన్ గుర్తుగా పెద్ద కే ఒకటి. పుస్తకాల్లో రాశుల గుర్తుల్ని వాలుగా, యూనిట్లని నిటారుగా అచ్చు వేస్తారు, ఎమ్ వాలితే ద్రవ్యరాశి, నిలబడితే మీటరు. చేతిరాత నోట్సుని ఫోన్లో ఫొటో తీసి పంపుకుంటే ఆ వాలూ లేదు, తేడా తెలియదు. అందుకే ఏది రాశి, ఏది యూనిట్ అని ముందు మార్జిన్లో రాయమంటాను, విసుక్కుంటూనే రాస్తుంది.

ఇప్పుడు 120ని ఆ స్థిరాంకంతో, అంటే 1.38 ఇంటూ 10 పవర్ మైనస్ 23తో గుణిస్తే ఎప్సిలాన్ సుమారు 1.66 ఇంటూ 10 పవర్ మైనస్ 21 జౌల్స్. ఇదే ఇంకో పుస్తకంలో 0.0103 ఎలక్ట్రాన్ వోల్ట్ అనీ, కెమిస్ట్రీ వాళ్ల టేబుల్లో మోల్‌కి దాదాపు 1 కిలోజౌల్ అనీ కనిపిస్తుంది. మూడూ ఒకటే.

కెల్విన్లలో ఇవ్వడం ఏడిపించడానికేం కాదు. బెంగళూరులో మధ్యాహ్నం 27 డిగ్రీలనుకోండి, అంటే 300 కెల్విన్, 120కి రెండున్నర రెట్లు. అంటే వేడి వల్ల వచ్చే కదలిక, పరమాణువుల్ని పట్టి ఉంచే ఆకర్షణ కంటే ఎక్కువ. గాలిలో ఒక శాతానికి కాస్త తక్కువగా ఉండే ఆర్గాన్ మన గదిలో గ్యాస్‌గానే ఎందుకు తిరుగుతోందో ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

సిగ్మాతో వేరే తలనొప్పి. పొటెన్షియల్ గ్రాఫ్ గీస్తే కిందికి బావిలా దిగుతుంది, ఆ బావి అడుగు సిగ్మా దగ్గరే ఉంటుందనుకుంటారు. కాదు, సిగ్మా దగ్గర పొటెన్షియల్ సున్నా. అడుగు 1.122 రెట్ల దూరాన, అంటే 3.82 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర ఉంటుంది, దాని లోతే ఎప్సిలాన్. కొన్ని పుస్తకాలు ఈ అడుగు దూరాన్నే పెట్టి ఫార్ములా రాస్తాయి, అప్పుడు ముందున్న 4 పోయి, పవర్ 6 పదం ముందుకి 2 వస్తుంది. ఒకదాని ఫార్ములాలో ఇంకోదాని అంకె వేస్తే యూనిట్లు సరిగ్గానే కుదురుతాయి, జవాబు మాత్రం తప్పొస్తుంది. యూనిట్ చెక్ చేస్తే చాలనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

అన్నట్టు లెనార్డ్-జోన్స్ ఇద్దరు కాదు, ఒక్కడే. అసలు పేరు జాన్ జోన్స్, 1925లో పెళ్లయ్యాక భార్య ఇంటిపేరు లెనార్డ్‌ని తన పేరులో కలుపుకున్నాడు.

పరమాణువుల కదలికల్ని కంప్యూటర్లో లెక్కేసే సిమ్యులేషన్ కోడ్‌లకొస్తే అసలు యూనిట్లే ఉండవు. సిగ్మా 1, ఎప్సిలాన్ 1, ద్రవ్యరాశి 1 అనేసుకుంటారు. ఆర్గాన్‌కైతే అందులో ఒక యూనిట్ కాలం దాదాపు 2.15 పికోసెకన్లు. అవుట్‌పుట్‌లో ఉష్ణోగ్రత 0.7 అని వస్తే అయ్యబాబోయ్ ఇంత చలా అనుకోకండి, 120తో గుణించండి, 84 కెల్విన్. నిజం ఆర్గాన్ గడ్డ కరిగేది ఇంచుమించు అక్కడే.