మడమల మీద కోపం వద్దు

ముఖానికి క్రీమును వేలికొసతో సుతారంగా అద్దుకునేవాళ్లు కూడా పగిలిన మడమ కనిపించగానే రాయి తీసుకుని గరగరా తోమేస్తారు. ఎర్రబడేదాకా, ఒక్కోసారి నెత్తురు చెమర్చేదాకా. రెండు రోజులు నున్నగా ఉంటుంది. కొన్నాళ్లకే మళ్లీ గరుకెక్కి, ముందుకంటే మందంగా తయారవుతుంది. ఒరిపిడి తగిలినచోట చర్మం తనను కాపాడుకోవడానికి మందమెక్కుతుంది. మనం కసిగా తోమడం కూడా దానికి ఒరిపిడే.

అరికాలి చర్మంలో చెమట గ్రంథులు బోలెడు ఉంటాయి గానీ నూనె గ్రంథులు ఉండవు. అందుకే త్వరగా ఎండిపోతుంది. అడుగు వేసినప్పుడల్లా మడమ కింద ఉండే కొవ్వు మెత్త ఒంటి బరువుకి పక్కలకి పరుచుకుంటుంది. పైచర్మంలో తేమ ఉంటే దాంతోపాటు సాగుతుంది, లేకపోతే అంచున చీలుతుంది. పగుళ్లు మడమ చుట్టూ అంచు వెంబడే ఎక్కువగా కనిపించేది ఇందుకే. గంటల తరబడి నిలబడేవాళ్లకీ, వెనక పట్టీ లేని చెప్పులు వేసుకునేవాళ్లకీ ఈ బాధ ఎక్కువ. కాబట్టి మడమ అడుగుతున్నది తేమను.

రాత్రి పడుకోబోయే ముందు పావుగంట దానికి కేటాయించండి. టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి, మణికట్టు లోపలివైపు ముంచి చూడండి. చురుక్కుమంటే చల్లార్చండి. పాదాలు 10 నిమిషాలు నానితే చాలు. వేడి నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే చర్మంలో ఉన్న కాస్త జిడ్డూ పోయి, ఆరాక మరింత బిరుసెక్కుతుంది. గాఢమైన సబ్బూ అంతే చేస్తుంది. చర్మం పైపొర కాస్త ఆమ్లగుణంతో, పీహెచ్ 5 దగ్గర్లో ఉంటుంది. మామూలు సబ్బుది 9 నుంచి 10, అంటే క్షారగుణం.

ప్యూమిస్ రాయి వారానికి రెండుసార్లకి మించి వద్దు. రాయినీ మడమనూ తడిపి, ఒకే దిశలో, తేలిగ్గా పది పదిహేను సార్లు రుద్దితే సరి. నొప్పి తెలిసిందంటే హద్దు దాటినట్టే. పగులులో నెత్తురు కనిపిస్తుంటే అది మానేదాకా రాయి ముట్టుకోవద్దు. బ్లేడు మాత్రం ఎప్పుడూ వద్దు. ఎంత లోతు తెగుతుందో చేతికి తెలియదు, తెగినచోట చీము పట్టొచ్చు.

తుడిచేటప్పుడు తువ్వాలు అద్దండి, ఈడ్చి రుద్దకండి. చిటికెన వేలికీ దాని పక్క వేలికీ మధ్య సందు అన్నిటికంటే ఇరుకు. అక్కడ తడి నిలిస్తే చర్మం తెల్లగా నానిపోయి ఫంగస్ పడుతుంది. తువ్వాలు కొస దూర్చి ఆ సందు కూడా ఆరనివ్వండి. క్రీమ్ కూడా వేళ్ల సందుల్లో రాయకూడదు.

చర్మం ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే, రెండు మూడు నిమిషాల్లో క్రీమ్ రాసేయాలి. చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండితే ఒక మడమకి సరిపోతుంది. రోజూ వాడుకోవడానికి 10 శాతం యూరియా (తేమను పట్టి ఉంచి, గరుకు చర్మాన్ని మెత్తబరిచే పదార్థం) ఉన్న క్రీమ్ మంచిది. బాగా మందమెక్కిన చర్మానికి 20 నుంచి 25 శాతం. తెరుచుకున్న పగుళ్ల మీద యూరియా మంట పెడుతుంది, కాబట్టి అవి మూసుకునేదాకా పెట్రోలియం జెల్లీ ఒక్కటే రాయండి. జెల్లీ తనంతట తాను తేమ ఇవ్వదు, ఉన్న తేమను బయటికి పోనివ్వదు, అంతే. పొడి మడమకి ఎంత పూసినా ఫలితం తక్కువగా ఉండేది అందువల్లే.

రాసేటప్పుడు తొందర పడకండి. పగులు అంచుల్ని విడదీయకుండా, రెండు వైపుల నుంచీ దగ్గరికి తెస్తూ రాయండి. తర్వాత బొటనవేళ్లతో అరికాలు మధ్యలో మెల్లగా నొక్కండి. రోజంతా మోసిన కాలికి ఆ మాత్రం సేవ అందాలి. వదులైన నూలు సాక్స్ వేసుకుని పడుకోండి. ఇదంతా మంచం మీద కూర్చునే చేయండి, జిడ్డు కాళ్లతో నేల మీద నడిస్తే జారతారు. నున్నబడగానే ఆపేయకండి. కొత్త చర్మం పైకి రావడానికి నెల పైనే పడుతుంది.

మధుమేహం ఉన్నవాళ్లు నానబెట్టడం, రాయితో రుద్దడం సొంతంగా చేసుకోకూడదు. స్పర్శ తగ్గిన పాదానికి వేడీ తెలియదు, గాయమూ తెలియదు. రోజూ అద్దంలో అరికాళ్లు చూసుకోవడం, పగులు కనిపిస్తే డాక్టరుకి చూపించడం వాళ్లకి మేలు. ఇంకో సంగతి: అరికాలి గీతల వెంట తెల్లని పొడిలా రాలుతూ, ఒక కాలికే ఎక్కువగా ఉండి, మూడు వారాలు క్రీమ్ రాసినా మారకపోతే అది పొడిబారడం కాకపోవచ్చు. ఫంగస్ కావచ్చు. డాక్టరు కాస్త పొట్టు గీరి మైక్రోస్కోపు కింద చూస్తే తేలిపోతుంది, దానికి మందు వేరు.