పాఠానికి ఇరవై ఫ్రాంకులు

"పారిస్‌లో దొరల ఇళ్లలో పియానో వాయిస్తూ దర్జాగా బతికినవాడికి ఊరి బెంగేమిటండీ?" పంతొమ్మిదో శతాబ్దపు పోలండ్ పియానో విద్వాంసుడు, స్వరకర్త షోపాన్ ప్రస్తావన వస్తే ఒక పెద్దాయన ఇలా ఎత్తిపొడిచారు. ఆయన షోపాన్‌నే అన్నారో, బయటి దేశాల్లో ఉన్న మనందరినీ కలిపి అన్నారో గానీ, జవాబు మాత్రం బాకీ ఉంది.

ఆ దర్జా పాఠాలు చెబితే వచ్చింది. కచేరీలంటే ఆయనకు గుబులు. జీవితం మొత్తం మీద జనం ముందు వాయించినవి ముప్పై దాకా ఉంటాయంతే. చలికాలం మొదలు మే వరకు రోజుకు నాలుగైదు పాఠాలు, ఒక్కోదానికి 20 ఫ్రాంకులు. తానే వాళ్లింటికి వెళ్లాలంటే 30, బండీ వాళ్లే పంపాలి. డబ్బు చేతికి పుచ్చుకునేవాడు కాదు, చలిమంట గూటి పైన పెట్టి వెళ్లాలి.

శిష్యురాలు ప్లేయెల్ కంపెనీ పెద్ద పియానో దగ్గర, తాను పక్కనే చిన్న నిలువు పియానో దగ్గర. సి మేజర్ అనే స్వరవరుసతో మొదలుపెట్టేవాడు కాదు. నల్లమెట్లు లేవు గనక చూడ్డానికి సులువు, చేతికి మాత్రం అదే అన్నిటికన్నా కష్టం. ముందు కుడిచేతి బొటనవేలు ఇ అనే తెల్లమెట్టు మీద, పొడుగు వేళ్లు మూడూ ఎఫ్, జి, ఏ షార్ప్‌లనే నల్లమెట్ల మీద, చిటికెన వేలు బి అనే తెల్లమెట్టు మీద పెట్టించేవాడు. చెయ్యి దానంతటదే కుదురుకుంటుంది. అక్కణ్ణించి బి మేజర్ స్వరవరుస. రోజుకు మూడు గంటలు మించి సాధన చేస్తే కోప్పడేవాడట. తెల్లవారుజామునే లేపి కూర్చోబెట్టే మన గురువులకిది రుచించదు లెండి.

అచ్చు వ్యవహారం మరో తలనొప్పి. ఒక దేశంలో వెలువడితే పక్క దేశంలో ఎవరైనా దోచుకోవచ్చు. అందుకే పారిస్, లైప్‌జిగ్, లండన్‌లకు వేరువేరు ప్రతులు పంపేవాడు. చాలా ఏళ్లు వార్సా స్నేహితుడు ఫోంటానా నకళ్లు రాసిపెట్టాడు. ఒక ప్రతిలో దిద్దింది మరోదానిలోకి ఎక్కేది కాదు, అందుకే స్వరాల మీద ఇప్పటికీ తగువులు. లండన్‌లో వెసెల్ అనే ప్రచురణకర్త నాక్టర్న్‌లకు (రాత్రి వాతావరణాన్ని తలపించే పియానో రచనలకు) 'సెన్ నది గుసగుసలు' లాంటి పేర్లు తగిలిస్తే షోపాన్‌కు ఒళ్లు మండిపోయింది.

తిరిగి వెళ్లొచ్చుగా అంటారా? 1830 నవంబరులో, రష్యా ఏలుబడిలో ఉన్న పోలండ్ రాజధాని వార్సా వదిలాడు. నెల తిరక్కుండానే తిరుగుబాటు లేచింది, రష్యా అణిచేసింది. పారిస్‌లోని రష్యా రాయబార కార్యాలయంలో పేరు రాయించుకోలేదు గనక దారి మూసుకుపోయింది. 1835లో ఇప్పటి చెక్ దేశంలోని కార్ల్స్‌బాద్‌లో అమ్మానాన్నల్ని చూశాడు, ఆ తర్వాత కలవనేలేదు.

1848 విప్లవంతో పారిస్ శిష్యులు చెల్లాచెదురయ్యారు. దాంతో లండన్ వెళ్లాడు. అక్కడ పాఠానికి ఒక గినీ (పౌండు కన్నా కాస్త ఎక్కువ). కొందరు దొరసానులు ఆ గినీ కూడా ఇవ్వకుండానే పల్లె బంగళాలకు వెళ్లిపోయారు. అప్పటికే బాగా జబ్బుపడ్డా, నవంబరు 16న లండన్‌లోని గిల్డ్‌హాల్ అనే నగరభవనంలో పోలండ్ కాందిశీకుల సహాయార్థం వాయించాడు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది డాన్సుకోసం వచ్చినవాళ్లే.